పద్మనాభ యుద్ధము - కంపెనీవారి పట్టా

పద్మనాభము కొండ మనమందరము ఎరిగినదే. దాని చెంత 1794 జూలై 10వ తేదీన జరిగిన పోరును గూర్చి మాత్రము మన పిల్లలకు మనము చెప్పినది స్వల్పము.

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన చార్టరు వర్తకము కొరకైనది. మన సీమను ఏలుమని అందులో లేదు. ఆ పట్టా 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాగా వచ్చినది. ఢిల్లీలో కాలు మోపలేక అలహాబాదులో తలదాచుకొన్న ఆయన ఉత్తర సర్కారులను కంపెనీకి ధారపోసెను! నిజాము అభ్యంతరపెట్టగా, 1766 నవంబరు 12 నాటి సంధిలో ఏటా 9 లక్షల రూపాయల వరకు చెల్లింప కంపెనీ ఒప్పుకొన్నది. ఈ బేరములో ఇక్కడి రైతునుగాని, జమీందారునుగాని అడిగినవారు లేరు.

పేష్కషు బకాయి పడినదని కంపెనీవారు 1793లో విజయనగరము జమీని జప్తు చేసిరి. నెలకు 1,200 రూపాయల భత్యముపై మచిలీపట్టణము పోయి ఉండుమని విజయరామ గజపతిరాజును ఆజ్ఞాపించిరి. ఏలినవారికి గుమాస్తా జీతము వంటిది! ఆయన మచిలీపట్టణము పోలేదు. తనవారితో పద్మనాభములో విడిసెను. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన తెల్లవారుచుండగా మీదపడెను. పోరు గంటసేపైనను సాగలేదు. రాజును, ఆయనను విడువని దొరలు అనేకులును అచ్చటనే కూలిరి.

బాలుడైన కుమారుడు నారాయణబాబుకు తరువాత జమీని తగ్గించి ఇచ్చిరి. నిజాము పద్దు మిగిలినది. 1823లో 11,66,666 రూపాయలు ఒక్కమారుగా చెల్లించి కంపెనీ దానిని కూడ కొట్టివేయించుకొన్నది.