అతిశంక - హేత్వాభాసము

రాత్రి రెండు జాములైనది. ఇంటిల్లిపాదియు నిద్రించుచున్నారు. గృహిణి మాత్రము లేచి, వీథితలుపు గడియను తాఁకి చూచి, మరల పడకకు వచ్చును. గడియ వేసియున్నదని కన్ను చెప్పినది, చేయియుఁ జెప్పినది. అయినను మేను వాల్చినతోడనే “ఒకవేళ?” అను మాట లోపలినుండి వినవచ్చును. ఆమె మరల లేచును. ఇట్లు పదిమాఱులు తిరిగినను పదునొకండవమాఱు ఆ మాట వినఁబడక మానదు.

ఇట్టివారిని గూర్చి మన యిండ్లలో రెండభిప్రాయములు గలవు. చేతులు పలుమాఱు కడుగుకొనువారిని మడి గలవారని కొందఱు కొనియాడుదురు; చాదస్తులని కొందఱు నవ్వుదురు. రెండును పొరపాటే. నేఁటి వైద్యులు దీనిని ఓ.సి.డి. యను పేరుగల వ్యాధిగా నెఱుఁగుదురు. నూటికి ఒకరిద్దఱకు జీవితకాలమున నెప్పుడో యొకప్పు డిది సంభవించును. మేము దీనినే యిచ్చట అతిశంక యనుచున్నాము. ఈ శంక ఎట్లు పుట్టును, అందలి తర్కదోష మెట్టిది యను ప్రశ్నకు మనుష్యజాతి నాలుగువందల యేండ్లకుఁ బైఁగా ప్రత్యుత్తరము వెదకినది. ఆ వెదకులాట చరిత్రను కొంత చెప్పుట మా యుద్దేశము. దానివలన మన గృహములకుఁ గలుగు ప్రయోజనము కడపట తెలియఁగలదు.

మొదట మన తార్కికుల మాట. వారు సంశయమును తక్కువగాఁ జూచినవారు కారు. గౌతముని న్యాయసూత్రములయందుఁ జెప్పఁబడిన పదునాఱు పదార్థములలో సంశయ మొకటి. సంశయము లేనిదే విచారణ లేదు. అయితే సంశయము ఊరక పుట్టదనియు, దానికిఁ దగిన హేతువుండవలెననియు వారి మతము. వారి యుదాహరణము ప్రసిద్ధము. మునిమాపువేళ మసకచీఁకటిలో దూరమున నిలువుగా నొకటి కనఁబడును. అది మ్రోడో మనుష్యుఁడో తెలియదు. పొడవు రెంటికిని సమానము. కాళ్లుచేతులు కాని తొఱ్ఱ కాని కనఁబడుట లేదు. కాఁబట్టి మనస్సు ఇటునటు నూఁగును. ఆంధ్రుఁడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివిన బాలురకును ఈ విషయము తెలియును. మఱియు ఉదయనాచార్యుఁడు న్యాయకుసుమాంజలియందు శంకకొక మేరను చూపినాఁడు. తన నడవడికే విరోధము కలుగుచోట శంక ఆఁగవలయునని యాతని తాత్పర్యము. పొగ నిప్పువలనఁ బుట్టునో లేదో యని వాదించువాఁడును, పొగ కావలసినప్పుడు నిప్పునే రగుల్చును గదా!

ఈ కొలమానముతో మన గృహిణి శంకను కొలిచి చూడుఁడు. మసకచీఁకటి లేదు, దూరము లేదు, గడియ చేతికిఁ దగులుచున్నది. పట్టపగలు ఎదుట నిలిచి మాటలాడుచున్న మనుష్యుని చూచి “ఒకవేళ మ్రోడేమో?” యని యడిగినట్లున్నది. సాధారణ సంశయము కన్ను చూచినదానినుండి పుట్టును. అతిశంక కన్ను చూచినదానిని దాఁటి, ఊహనుండి పుట్టును. భేద మంతయు నిచ్చటనే యున్నది. కాని యింత సులువుగాఁ గనఁబడు నీ భేదమును రోగుల యనుభవమునందు గుర్తించుటకు చాలకాలము పట్టినది.

ఆ యనుభవములను వ్రాతమూలముగాఁ దెలిసికొనుటకు ఐరోపాఖండమునకుఁ బోవలసియున్నది. అచ్చటి క్రైస్తవభక్తులు తమ మనశ్శంకలను దాఁపక చెప్పికొనిరి. ఇట్టి శంకను వారు స్క్రుపులస్ అను లాటిను మాటతోఁ బిలిచిరి. దానికి మొనగల చిన్నరాయి యని యర్థము. చెప్పులోఁ జొచ్చిన పలుకురాయివలె నిది యడుగుతీసినను గ్రుచ్చును, నిలిచినను గ్రుచ్చును.

స్పెయినుదేశస్థుఁడైన ఇగ్నేషియస్ లొయోలా 1522లో మన్రేసా యను నూర నుండినప్పుడు ఈ బాధ ననుభవించెను. అంతకుముందే మూఁడుదినములు కూర్చుండి తన పాపములన్నియు వ్రాసి గురువునొద్ద నొప్పుకొనియుండెను. అయినను ఏదో మిగిలినదను శంక వదలదయ్యెను. మరల మరల నొప్పుకొనెను, శాంతి లేదు. అప్పుడు గురువు, మిక్కిలి స్పష్టముగాఁ దోఁచిన పాపమును తప్ప పాతవానిని చెప్పవలదని యాజ్ఞాపించెను. దానివలన లాభము కలుగలేదు. ఏలయన ఆతనికి అన్నియు మిక్కిలి స్పష్టముగానే తోఁచినవి! ప్రాణమును విడుతునా యనుదాఁక వచ్చి, తుద కాతఁడు పాతపాపములను ఇఁక నొప్పుకొననే యొప్పుకొననని నిశ్చయించుకొని బయటపడెను. తరువాత సాధకులకొఱకు వ్రాసిన నియమములయందు ఈ విషయమును చేర్చెను. దారిలో రెండు గడ్డిపోచలు సిలువయాకారముగాఁ బడియుండఁగా ఒకఁడు తెలియక త్రొక్కి, పాపము చేసితి నని నిర్ణయించుకొనుట వట్టి తప్పుడు తీర్పు. తాను పాపము చేయలేదని తోఁచుచుండఁగనే, చేసితినేమో యని కలఁతపడుటయే నిజమైన శంక. తెలివియు శంకయు ఒక్క మనస్సునందే ప్రక్కప్రక్కన నుండఁగలవని ఆతఁడు కనిపెట్టినాఁడు. ఇది గొప్ప పరిశీలనము.

ఇంగ్లండులోని జాన్ బన్యన్ చెప్పిన కథ యింతకంటెను విశదము. ఆతఁడు 1666లో ప్రకటించిన స్వీయచరిత్రయం దది కలదు. ఎల్‌స్టో అను తన గ్రామమున చర్చిగంటలు మ్రోయించుట యాతనికి వేడుక. అది వ్యర్థవినోదమని తోఁచి మానివేసెను. కాని చూచుటకుఁ బోవుచుండెను. ఒకనాఁడు, ఒకవేళ గంట పడినచో? అని తోఁచెను. గోపురమున నడ్డముగా నున్న పెద్దదూలముక్రింద నిలిచెను. ఒకవేళ గంట గోడకుఁ దగిలి, ఎగిరి తనమీఁదఁ బడినచో? వాకిటికి జరిగెను. ఇఁక గంట పడినను తప్పించుకొనవచ్చునని కొంత ధైర్యపడెను. ఇంతలో, ఒకవేళ గోపురమే కూలినచో? ఆ తలంపుతో నచ్చట నిలువలేక పాఱిపోయెను. ఆ గోపురము నేఁటికిని నిలిచియున్నది!

పాఠకులు ఈ కథలోని క్రమమును గమనింపవలెను. బన్యన్ గంట కదలుట చూడలేదు; దూలము విఱిగిన చప్పుడు వినలేదు; గోడ బీఁట వాఱలేదు. ఏ ప్రమాణమును లేదు. గంట పడుట అసంభవము కాదను నొక్క మాట కలదు. ఆ మాట నిజమే. అతిశంక యెప్పుడును ఒక నిజమైన మాటతోనే మొదలిడును. లోకమున గంటలు పడుట కలదు. తలుపులు మఱచుట కలదు. చేతులకు క్రిములంటుట కలదు. ఇవి సామాన్యసత్యములు. వీనినుండి “ఈ గంట పడఁబోవుచున్నది”, “ఈ గడియ వేయఁబడలేదు”, “ఈ చేయి మైలపడినది” యను విశేషనిర్ణయమునకు దుముకుట హేత్వాభాసము. నడుమ నుండవలసిన ప్రత్యక్షప్రమాణ మచ్చట లేదు. కావచ్చును అనునది, అయినది యను వేషము వేసికొని వచ్చును. పైఁగా, ఒక శంకకు సమాధానము చెప్పిన కొలఁది అది రెండవ శంకను కనును. దూలము గంటకు సమాధానము. గోడ దూలమునకు ప్రశ్న.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ విషయము మతగురువుల చేతినుండి వైద్యుల చేతికి వచ్చెను. 1838లో ఫ్రెంచివైద్యుఁడైన ఎస్కిరాల్ తన గ్రంథమున ముప్పదినాలుగేండ్ల యొక స్త్రీ చరిత్రను వ్రాసెను. పదునెనిమిదవ యేట ఒకనాఁడు పినతల్లి యింటినుండి వచ్చుచు, ఆమె వస్తువేదైన తన జేబులోఁ బడినదేమో యని యామెకుఁ దోఁచెను. తరువాత లెక్కలు వ్రాయునప్పుడు అంకె తప్పితినేమో యనియు, నాణెములు ముట్టునప్పుడు విలువగలదేదైన వ్రేళ్ల నంటుకొనెనేమో యనియు శంక. ఇది యసంబద్ధమని యామెకే తెలియును. ఇతర విషయములలో బుద్ధి చక్కఁగా నుండెను. అయినను చేతులు విదలించుట మానలేదు. 1875లో లెగ్రాన్ ద్యు సోల్ అను ఫ్రెంచివైద్యుఁడు దీనికి సందేహోన్మాద మను నర్థముగల పేరిట గ్రంథము వ్రాసెను. 1877లో జర్మనుఁడైన వెస్ట్‌ఫాల్, ఇది బుద్ధిమాంద్యము కాదనియు, మనస్సునకు వలదన్నను బలాత్కారముగా వచ్చు తలంపనియు నిర్వచించెను. 1903లో ఫ్రాన్సువాఁడగు జానె, రోగికి తాను చేసిన పని యేదియుఁ బూర్తియైనట్లు తోఁచదని చెప్పెను.

అయినను రోగులకు సుఖము కలిగించు నుపాయము చాలకాలము దొరకలేదు. 1966లో లండనునందు విక్టర్ మేయర్ అను శాస్త్రజ్ఞుఁడు, రోగి దేనికి భయపడునో దానిని సమీపింపఁజేసి, కడుగుకొనుట మొదలగు కర్మలను చేయనీయక నిలిపి, కొందఱి బాధను తగ్గించెను. నేఁటి ప్రధానచికిత్సలలో నొకదాని కిదియే మూలము. 1978లో రాక్‌మన్, డి సిల్వా యను నిరువురు ఇంకొక సంగతిని చూపిరి. ఇట్టి పిచ్చితలంపులు ఆరోగ్యవంతులలోను మిక్కిలి హెచ్చుమందికి వచ్చుచునే యుండును. వారు వానిని లెక్కచేయక పోనిత్తురు. 1985లో సాల్కోవ్‌స్కిస్, రోగి యా తలంపునకు మితిమీఱిన బాధ్యతను తనపై వేసికొనుటయే తగులమునకు మూలమనెను. కెనడాలోని ఓకానర్, ఆతని సహచరులు 1995 మొదలుకొని మఱియొక యడుగు ముందుకు వేసిరి. దోషము తలంపు వచ్చిన తరువాతఁ గాదు, శంక పుట్టుటయందే యున్నదని వారి వాదము. రోగి యెదుట నున్నదానిని విడిచి, తాను విన్న కథలు, సామాన్యసత్యములు, కావచ్చును లను కూర్చి ఒక చిన్నకథ యల్లి, దానినే ప్రమాణముగాఁ గొనును. ఊహను ప్రత్యక్ష మనుకొనుటయే రోగము. మన తార్కికుల మాటకును ఈ మాటకును ఎంత దగ్గఱ!

వాడుకలోనున్న యొక యభిప్రాయమును తలక్రిందు చేసిన పరీక్ష మఱియొకటి కలదు. మరల మరల చూచుకొన్నచో నిశ్చయము హెచ్చునని మన మనుకొందుము. 2003లో హాలండుదేశమున వాన్ డెన్ హౌట్, కింట్ అనువారు ఆరోగ్యవంతులచేత, కంప్యూటరుతెరపైఁ జూపిన గ్యాసుపొయ్యిని పలుమాఱు సరిచూపించిరి. వారి జ్ఞాపకము తప్పుపట్టలేదు; కాని యది మసకబాఱినది, దానిపై వారి నమ్మకము సడలినది. అనఁగా, చూచుకొనుటయే శంకను పెంచును. పగటివేళను మునిమాపుగా మార్చునది చూపులోపము గాదు, మితిమీఱిన చూపే.

ఇప్పుడు మన గృహములకు వత్తము. “గడియ వేసితినా?” యని యామె యడుగును. “వేసితివమ్మా” యని భర్త చెప్పును. దయతోనే చెప్పును. కాని యది బన్యన్ దూలము వంటిది. మఱునిమిషమున గోడప్రశ్న వచ్చును. ఒట్టు పెట్టుకొన్నను, దీపము తెచ్చి చూపినను ఫలిత మదియే. కొఱవడినది ప్రమాణము గాదు. ప్రమాణము చేతినిండ నున్నది. అట్టిచోట ఇంకను ప్రమాణము తెచ్చుట, శంకకు యోగ్యత కలదని యొప్పుకొనుటయే యగును. కోపించుటయుఁ బనికిరాదు. ఆమెకు తెలివి లేకకాదు. ఎస్కిరాల్ చూచిన స్త్రీవలె నామెకు తన శంక యసంబద్ధమని తెలియును. తెలిసియు వదలలేకుండుటయే యామె దుఃఖము. దానిపై నవ్వు చేరినచో నామె దాఁచుకొనును. దాఁచుకొన్న వ్యాధి ముదురును. ఇఁక మడి యని కొనియాడుట యన్నిటికంటెఁ గీడు. చర్మము పగులునంతదాఁక కడుగుకొను చేతులకు మనము పుణ్యమను పేరుపెట్టినచో, ఆమెకు వైద్యుని దారియే మూసినవార మగుదుము. ఆచారమును పాటించునది నీళ్లు చాలుననుకొన్నచోట నిలుచును, వ్యాధిగ్రస్త నిలువలేదు. ఈ గుర్తు చాలును.

చేయవలసిన దేమనఁగా, మానసికవైద్యునొద్దకుఁ గొనిపోవుట. మేయర్ త్రోవను నడచు శిక్షణయు, మెదడులోని సెరటోనిన్ అను ద్రవ్యముపైఁ బనిచేయు మందులును నేఁడు కలవు. పెక్కుమందికి గుణ మిచ్చుచున్నవి. ఇంటివారు వైద్యుని సలహాతో, ప్రశ్నకుఁ బ్రత్యుత్తరమును క్రమముగాఁ దగ్గించి, “ఇది నీ ప్రశ్న గాదమ్మా, వ్యాధి యడుగుచున్న ప్రశ్న” యని శాంతముగాఁ జెప్పవలెను. కష్టముగనే యుండును. ప్రియమైనవారు తల్లడిల్లుచుండఁగా, చెప్పఁదగిన యొక్కమాట చెప్పక యుండుట సామాన్యము గాదు.

మనము సంస్కరణ మనునప్పుడు దురాచారములను, మూఢనమ్మకములను ప్రశ్నింపుమని శంకను ప్రోత్సహించువారము. అది యొప్పే. అయితే ప్రశ్నించుటకు హేతువుండవలెనన్న నియమము మనకును వర్తించును. హేతువుగల శంక జ్ఞానమునకు వాకిలి. హేతువులేని శంక అదే వాకిటియందు అర్ధరాత్రివేళ గడియ పట్టుకొని నిలిచిన గృహిణి. ఆమెకుఁ గావలసినది మఱియొకమాఱు గడియ చూపుట గాదు. తన చేయి చెప్పిన మాటను తాను నమ్మి పడకకు మరలునంతదాఁక ప్రక్కన నిలుచు తోడు.