రొంటి నుంచి హ్యాండ్‌బ్యాగు దాకా

ఆడవాళ్లు వెంట ఏమేం పెట్టుకుని తిరిగేవాళ్లో చరిత్రకు తెలిసిందంటే చాలావరకు దొంగతనం కేసుల వల్లే. బార్బరా బర్మన్, ఆరియాన్ ఫెనెటో అనే ఇద్దరు చరిత్రకారిణులు 2019లో బ్రిటన్ ఆడవాళ్ల జేబుల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. 1660 నుంచి 1900 దాకా అక్కడి ఆడవాళ్లు గౌను కింద, నడుముకు నాడాతో కట్టుకున్న విడి జేబుల కథ అది. ఆ జేబుల్లో ఏముందో పనిగట్టుకుని రాసుకున్నవాళ్లు తక్కువ. పోయినప్పుడు మాత్రం కోర్టుకెక్కి ఒక్కొక్కటే చెప్పారు: తాళాలు, చిల్లర, కుట్టుసామాను, రుమాలు, పొడుం డబ్బా. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు కాగితాల్లో ప్రతి వస్తువు పక్కనా దాని ధర ఉంటుంది.

ఆ ధర మీద ప్రాణాలు ఆధారపడి ఉండేవి. పన్నెండు పెన్నీలకు మించిన సొమ్మును మనిషి ఒంటిమీంచి తెలియకుండా కాజేస్తే అప్పట్లో ఉరిశిక్ష. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిలీ పట్టుబట్టి 1808లో దాన్ని తీయించేదాకా చట్టం అలాగే ఉంది. అందుకని జూరీలోని మనుషులు చాలాసార్లు పోయిన సొమ్ము విలువ పది పెన్నీలేనని తేల్చి, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఉరి నుంచి తప్పించేవాళ్లు. ఒక సంచికి కట్టిన ధర అంత పని చేసిన కాలం అది.

నేను ఈ విషయం చదవడానికి కారణం టెక్సస్‌లోని ప్లేనోలో ఒక షాపింగు సెంటరు ముందు పగిలిన మా కారు అద్దం. లోపలున్న నా హ్యాండ్‌బ్యాగు పోయింది. పోలీసు రిపోర్టులో వస్తువు పేరు, దాని ఎదురుగా విలువ రాయమన్నారు. బ్యాగుకు, కళ్లజోడుకు, నగదుకు అంకెలు వేశాను. తర్వాత కుంకుమ భరిణె, అమృతాంజనం సీసా, పిన్నీసుల గుత్తి, బొట్టుబిళ్లల అట్ట, డ్రైవింగు లైసెన్సు, నా పేరు మీదున్న బ్యాంకు కార్డు. వీటి ఎదురుగా ఏం వేయాలి? బ్యాంకు కార్డుకు సున్నా, మిగిలినవాటికి డాలరున్నర, రెండు డాలర్లు అని వేసి పంపాను. కానీ ఆ జాబితా నన్ను వదల్లేదు. అందులో ఒక్కొక్కటీ మా ఇంటి ఆడవాళ్ల చేతికి ఎప్పుడొచ్చింది, ఎవరు రానిచ్చారు, అంతకుముందు దాని చోటులో ఏముండేది అని వెతుక్కుంటూ పోయాను.

మా అమ్మమ్మది తణుకు దగ్గర పల్లె. ఆమెకు హ్యాండ్‌బ్యాగు లేదు, రొంటిన దోపుకున్న గుడ్డసంచి ఉండేది. నోటికి తాడు బిగించిన ఆ చిన్న సంచిలో రెండు అరలు. ఒకదాంట్లో వక్కలు, మడిచిన తమలపాకులు, సున్నపుకాయ. రెండోదాంట్లో చిల్లర. అడకత్తెర మాత్రం ఇంట్లోనే, దూలం పక్కన గూట్లో. బీరువా తాళాలు నడుముకి, వాటితో పాటే ఒక వెండి రింగుకి గుచ్చిన చెవిపుల్ల, పళ్లపుల్ల, ముల్లు తీసే చిమటా. ఆ రింగు ఆమె నడిచినప్పుడు చిన్నగా మోగేది, పిల్లలం ఆ చప్పుడు విని చింతకాయలు దాచేసేవాళ్లం. తర్వాతెప్పుడో మ్యూజియం పుస్తకాల్లో షాటిలేన్ బొమ్మ చూశాను. యూరపులో ఇంటి పెత్తనం చేసే ఆడవాళ్లు నడుముకు తగిలించుకునే గొలుసుల గుత్తి అది. కత్తెర, తాళాలు, సూదుల డబ్బా దానికి వేలాడతాయి. రెండు సముద్రాల అవతల కూడా ఇంటి తాళం ఎవరి నడుమున ఉందో చూసి పెత్తనం ఎవరిదో చెప్పేవాళ్లన్నమాట.

18వ శతాబ్దం చివర యూరపు గౌన్లు పల్చబడి ఒంటికి అతుక్కునే సరికి లోపలి జేబుకు చోటు తగ్గింది. అప్పుడే చేతికి తగిలించుకునే చిన్న సంచులు బయటికొచ్చాయి. మన దగ్గర చీర మారలేదు కాబట్టి రొంటి, కొంగు, రవిక అలాగే నిలిచాయి. హ్యాండ్‌బ్యాగు మా ఇంట్లోకి వచ్చింది అమ్మతో. ఆమె స్కూలు టీచరు. బస్సు పాసు, ఎర్రసిరా పెన్ను, జీతం రోజున కవరు అందులో ఉండేవి. ఆ కవరు సాయంత్రానికి నాన్న చేతిలోకి వెళ్లేది. కొంత మిగుల్చుకుంటే అది పోపులపెట్టెలో మెంతుల కింద చేరేది.

ఈ పోపులపెట్టె గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఆడవాళ్ల అసలైన బ్యాంకు అదే. పుస్తకాల్లో వాళ్లకు సొంత ఆస్తి ఎప్పటినుంచో ఉంది. పెళ్లిలో పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఇచ్చినది స్త్రీధనమని, దాని మీద హక్కు ఆమెదేనని ధర్మశాస్త్రాలు చెప్పాయి. వాటిలో ఒకటైన మితాక్షరిని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరము పేరుతో తెలుగులోకి తెచ్చాడు. పసుపుకుంకుమల కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసే ఆచారం మా గోదావరి వైపు నిన్నమొన్నటి దాకా చూశాను. అయినా ఆ పొలం కౌలు డబ్బులు ఎవరి చేతికొచ్చేవంటే అందరికీ తెలిసిన జవాబే. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. ఆంధ్ర చట్టం ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. మా అక్క పెళ్లి అంతకు కొద్ది నెలల ముందే అయిపోయింది.

కాగితం మీద హక్కు, చేతిలో డబ్బు, ఈ రెండింటి మధ్య దూరాన్ని పోపులపెట్టె పూడ్చింది. పాలవాడి లెక్కలో మిగిలిన రూపాయి, చీరల కొట్లో బేరమాడి తగ్గించిన పది, అన్నీ అక్కడికే. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు మా అమ్మ ఫోన్ చేసి, ఏళ్ల తరబడి దాచినదంతా నాన్నకు చూపించాల్సి వచ్చిందని చెప్పింది. మొత్తం ఎంతో చెప్పలేదు. ఆ గొంతు విన్నాక నేనూ అడగలేదు.

ఇక నేను వచ్చిపడ్డ ఊరి సంగతి. ప్లేనో 1873లో పట్టణమైంది, అంతకు ముందు ఏడాదే రైలు వచ్చింది. పత్తి పండే నల్లరేగడి నేల. మన వైపు నల్లరేగడి సాగుచేసినవాళ్లు చూస్తే వెంటనే పోల్చుకుంటారు. 1908లో డల్లాస్ నుంచి షెర్మన్, డెనిసన్ దాకా కరెంటు రైలు మొదలయ్యాక ఇక్కడి రైతు ఇళ్ల ఆడవాళ్లు పొద్దున వెళ్లి డల్లాస్ కొట్లు చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చే వీలు కలిగింది. ఆ స్టేషను ఇప్పటికీ డౌన్‌టౌన్‌లో మ్యూజియంగా ఉంది. రైలు 1948 చివరి రోజుతో ఆగిపోయింది. 1960లో ఊరి జనాభా 3,695. 2020లో 2,85,494. ఈ మధ్యలోనే కంపెనీలు, వాటి వెంట మేము.

టెక్సస్ చట్టం మన స్త్రీధనానికి దగ్గరి చుట్టం. స్పెయిన్ నుంచి వచ్చిన పద్ధతిని 1840లో టెక్సస్ నిలుపుకుంది. పెళ్లికి ముందు భార్యకున్నది ఆమెదే, పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరిదీ. చదవడానికి ఎంతో బాగుంది. కానీ ఆమె సొంత ఆస్తిని సైతం చూసుకునే అధికారం భర్తది. 1913లో కొంత సడలినా, 1960ల దాకా పెళ్లయిన ఆడది తన సొంత స్థలం అమ్మాలంటే భర్త సంతకం కావాల్సి వచ్చేది. డల్లాస్ లాయరు లూయీజ్ రాజియో ముందుండి నడిపిన పోరాటంతో 1967లో చట్టం మారి, 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పత్తి కాలం నాటి ఈ ఊరి గృహిణి సంచిలో పదును కత్తెర ఉండొచ్చు, గుడ్ల అమ్మకం డబ్బులుండొచ్చు, చెల్లే సంతకం మాత్రం లేదు.

జె.సి.పెన్నీ కొట్ల పెద్దాఫీసు 1980ల చివర న్యూయార్కు నుంచి ప్లేనోకి తరలివచ్చింది. జేమ్స్ క్యాష్ పెన్నీ 1902లో వయోమింగ్‌లో మొదలుపెట్టిన ఆ కొట్లలో 1958 దాకా అప్పు లేదు, నగదే. అమెరికా అంతటా కొట్లు అప్పు కార్డులిచ్చినప్పుడు పెళ్లయిన ఆడవాళ్లకు చాలావరకు భర్త పేరు మీదే ఇచ్చేవి. ఉద్యోగం చేసే భార్యకు సైతం సొంతంగా అప్పు పుట్టడం గగనం. 1974లో సమాన రుణ అవకాశాల చట్టం అమెరికా కాంగ్రెసు కమిటీకి వచ్చినప్పుడు ముసాయిదాలో ఆడవాళ్ల మాటే లేదు. లిండీ బాగ్స్ అనే సభ్యురాలు లింగం, వైవాహిక స్థితి అనే మాటలు తన చేత్తో చేర్చి, జిరాక్సులు తీసి అందరికీ పంచి, ఇది పొరపాటున వదిలేసి ఉంటారని మర్యాదగా చెప్పారు. అవి చట్టంలో చేరాయి. నా పోయిన బ్యాగులో ఉన్న ప్లాస్టిక్ కార్డు అలా వచ్చింది. రిపోర్టులో దానికి నేను సున్నా వేశాను, బ్యాంకు కొత్తది ఉచితంగా పంపుతుంది కదా అని.

నేను వచ్చింది తొంభైల్లో, ఉద్యోగం వీసా మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 మీద. మా ఆయన పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 సంవత్సరానికి సిద్ధం చేసే పనిలో ఉండేవారు. ఆ రోజుల్లో నా బ్యాగులో పాస్‌పోర్టు, దానికి స్టేపుల్ కొట్టిన ఐ-94 తెల్లచీటీ, పుట్టింటి ఫోన్ నంబరు, నిమిషాలు కొనుక్కునే కాలింగు కార్డు ఉండేవి. ఇంకా, ఉద్యోగానికి చెల్లదు అని నుదుటి మీద అచ్చేసిన సోషల్ సెక్యూరిటీ కార్డు. ఎం.ఎస్సీ. చదివి, రెండేళ్లు కాలేజీలో పాఠం చెప్పి వచ్చినదాన్ని. కిరాణా కొట్లో డబ్బులు తీసేటప్పుడల్లా ఆ అక్షరాలు కనపడేవి. 2003 తర్వాత వచ్చిన అమ్మాయిలకు చాలామందికి ఆ కార్డు కూడా దొరకలేదు. టెక్సస్‌లో లైసెన్సు గడువు వీసా గడువుకు ముడిపడ్డాక, పొడిగింపు కాగితం ఆలస్యమైతే బండి తాళాలు బ్యాగులో ఉన్నా లైసెన్సు లేక ఇంట్లో కూర్చున్న పిల్లలను చూశాను. బడి నుంచి బిడ్డను తేవడానికి పక్కింటివాళ్లను అడగాలి.

2015 మే 26న హెచ్-4 భార్యాభర్తల్లో కొందరికి, అంటే గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్లినవాళ్లకు, పని చేసే అనుమతి వచ్చింది. మా వీధిలో ఉండే కృష్ణా జిల్లా అమ్మాయి ఆ కార్డు వచ్చిన రోజు కవరు చింపకుండా మా ఇంటికి తెచ్చింది. మొదటి జీతంతో బ్యాగు కొనుక్కోమని నేనే చెప్పాను. బ్యాగు కాదు పిన్నీ, బ్యాంకు అకౌంటు అంది.

నా పోయిన బ్యాగులోని చిన్న వస్తువులను కూడా తక్కువ చేయకూడదు. పిన్నీసును 1849లో న్యూయార్కులో వాల్టర్ హంట్ తయారు చేశాడు. పదిహేను డాలర్ల బాకీ తీర్చడానికి ఆ హక్కులు నాలుగొందల డాలర్లకు అమ్మేశాడని చెబుతారు. అది అతని దేశంలో పిల్లల లంగోటాలకు పోతే, మన దగ్గర గాజులకు, మంగళసూత్రం గొలుసుకు గుచ్చి కనిపిస్తుంది. కుచ్చిళ్లు జారినా, చెప్పు తెగినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా అదే దిక్కు. ప్లేనోలో ఏ పెళ్లికెళ్లినా హాలు వెనక గదిలో నా గుత్తి చేతులు మారుతూ ఉంటుంది. అమృతాంజనం ఇంకా పెద్ద కథ. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన తలనొప్పి మందు అది. దాని మీద వచ్చిన డబ్బు 1908లో ఆంధ్రపత్రికను, తర్వాత భారతిని నిలబెట్టింది. తెలుగు పత్రికలను మోసిన పసుపు సీసా కాబట్టి నేను దాన్ని ఇక్కడ కూడా వదల్లేదు. ఆఫీసు లిఫ్టులో వాసనకు ఎవరైనా తల తిప్పితే తిప్పనీ.

ఇప్పటి పిల్లల బ్యాగులు అరచేతంతే. డబ్బు, టిక్కెట్టు, ఫోటో అన్నీ ఫోనులో. అది వాళ్ల సౌకర్యం, నాకు ఫిర్యాదు లేదు. పోతున్నది వస్తువుల సాక్ష్యం, నా బాధ దాని గురించే. ప్లేనో హ్యాగర్డ్ లైబ్రరీలో ఊరి పాత ఫోటోలు, కాగితాలు దాచే విభాగం ఉంది. అక్కడ పత్తి రైతుల కథలు దొరుకుతాయి, దొరకాలి కూడా. తొంభైల్లో అపార్టుమెంట్లలో దిగిన తెలుగు ఆడవాళ్ల సంచులు ఇంకా ఇళ్లలో, అటక మీద సూట్‌కేసుల్లోనే ఉన్నాయి. ఈ ఏడాది నుంచి తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు పాత బ్యాగు బల్ల మీద బోర్లిస్తుంటే పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. ప్రతి వస్తువుకూ మూడే ప్రశ్నలు: ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు, ఎవరి పేరు మీద ఉంది. మూడో ప్రశ్న దగ్గర అందరూ ఎక్కువసేపు మాట్లాడతారు. మీ ఇంట్లో అలాంటి సంచి ఉంటే, శుభ్రం చేసే ముందు నాకొక మాట చెప్పండి.