మన ఇంటి కప్పు మీద పాచికీ ఒక చరిత్ర ఉంది



వానలు పోయినాక చెన్నూరు చుట్టుపక్కల కాలనీల్లో స్లాబులు చూడండి. నల్లగా మారి ఉంటాయి. గోడలకు పచ్చటి పాచి, లోపల మూలల్లో బూజు. పాత బండల మీదైతే బూడిద రంగు, పసుపు రంగు మచ్చలు. ఆ మచ్చలు చాలావరకు లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి అది. మసాలాలో వేసే రాతి పువ్వు కూడా ఈ జాతిదే. బండకు అంటుకుపోయే రకాలు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. అంటే ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కప్పు మీదే లైకెన్ పరుచుకుంటుంది.

మన తాతల కప్పు మీద దానికి అంత కాలం దొరకలేదు. యానాదుల గుడిసెలు, ఎరుకల గుడిసెలు, సుగాలి తాండాల్లో పాత ఇళ్లు ఎక్కువగా బోద, గడ్డి, ఆకులతో కప్పినవే. గడ్డి కుళ్లితే తీసేసి కొత్తది కప్పేవాళ్లు. బూజు ఆ పాత గడ్డితోనే పోయేది. అయినా మనోళ్లను ఒకచోట కుదురుగా బతకనిచ్చిందెవరు? 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలోళ్లను ఆ జాబితాలో పెట్టి పోలీసులు హాజరు వేయించుకున్నారు. 1952 ఆగస్టు 31న గానీ ఆ మచ్చ పోలేదు.

ఊర్లో మట్టిమిద్దెలది వేరే పద్ధతి. వానలకు ముందే మిద్దె మీద చౌడుమన్ను పరిచేవాళ్లు. ఉప్పుమన్ను కాబట్టి గడ్డి సరిగా మొలవదు, నీళ్లు కిందికి దిగవు. పండగకు గోడలకు సున్నం కొట్టేవాళ్లు. కొత్త సున్నం ఘాటైన క్షారం, దాని మీద బూజు బతకదు.

తర్వాత స్లాబు వచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, 2006లో ఇందిరమ్మ ఇళ్లు మొదలైనాయి. మనకూ కదలని కప్పు దొరికింది. అది గెలుపే. కానీ దాన్ని ఎట్లా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తూము మూసుకుపోయి నీళ్లు నిలిస్తే పాచి, పాచి నిలిస్తే చెమ్మ, చెమ్మ గోడల మధ్య పిల్లలకు దగ్గు.

ఇంకో మాట. మన పిల్లోళ్లు కూలికి పోయి పెద్ద ఇళ్ల గోడలకు అతికించిన కడప బండలు కడుగుతుంటారు. చేతికి యాసిడ్ ఇస్తారు. కడప బండ సున్నపురాయి. యాసిడ్ పడితే నురగ వస్తుంది కదా, అది మురికి కాదు, రాయే కరుగుతోంది. గరుకైన బండకు పాచి ఇంకా తొందరగా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం: యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణాలు పోతాయి.

గండికోట లాంటి కట్టడాలను చూసే కేంద్ర పురావస్తు శాఖకు 1917 నుంచే రసాయన విభాగం ఉంది. రాతి మీద పాచి తీయడానికి వాళ్లూ మెత్తటి బ్రష్షులే వాడతారు. మనమూ అంతే చేద్దాం. ముందు తూములు తీయాలి. మచ్చలను బాగా నాననివ్వాలి, ఎండుది గీకితే రాయి పొడి కూడా ఊడొస్తుంది. వెదురుబద్దతో గీకి, బ్రష్షుతో రుద్ది, కడగాలి. స్లాబు ఎండినాక సున్నం రెండు పూతలు. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు మరవొద్దు. కూలికి పోయినచోట అవి అడగడం మన హక్కు.

మీ జేజినో తాతనో అడగండి: మీ ఇంటి మొదటి కప్పు దేనితో వేశారు, దాన్ని ఎట్లా కాపాడుకున్నారు? వాళ్లు చెప్పింది ఇక్కడ రాయండి. మన ఇళ్ల చరిత్ర మనమే రాసుకోవాల.