చోటు దక్కని పేర్లు

బ్రాడీపేటలో పెరిగినవాళ్లకి వీధులకి పేర్లుంటాయన్న సంగతి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. మాకున్నవి లైన్లు, అడ్డరోడ్లు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే 4/14, అంతే. కవరు మీద ఆ అంకెలు వేసి, కింద బ్రాడీపేట, గుంటూరు-2 అని రాస్తే ఉత్తరం ఇంటికొచ్చేది. పేటకి మాత్రం ఒక దొర పేరు. శంకర్‌విలాస్ వంతెనకి అటుపక్క అరండల్‌పేటకి ఇంకో దొర పేరు. లోపలంతా అంకెలే. మ్యాపు గీసేవాడికి ఇంతకంటే సుఖమైన చోటు ఉండదు. రెండంకెలు, మధ్యలో ఒక గీత. ఎంత ఇరుకులోనైనా పడతాయి.

ఈ సుఖం విలువ నాకు పోయినేడాది తెలిసింది. మా అమ్మమ్మ పుట్టిల్లు శాఖమూరు. 2015లో భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతుల్లో ఆవిడా ఉంది. ఇప్పుడు మాతోనే బ్రాడీపేటలో ఉంటోంది. ఎప్పుడైనా ఊరికి తీసుకెళ్తే కారు కిటికీలోంచి చూస్తూ "ఇదెక్కడరా?" అని అడుగుతుంది. గట్లు పోయాయి, డొంకలు పోయాయి, గుర్తుపెట్టుకున్న చెట్లు పోయాయి. ఒకసారి తిరిగొచ్చాక, "మా ఊళ్లన్నీ తెలుగులో రాసి ఒక పటం గీసి పెట్టరా, గోడకి తగిలించుకుంటా" అంది. ఇంజనీరింగ్ చదివిన మనవడికి అదెంత పని అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

క్యూజీఐఎస్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. 2002లో మొదలైంది. ఊళ్ల బిందువులు ఎక్కించాను, కృష్ణానదిని నీలంగా పోశాను, రాజధాని 217 చదరపు కిలోమీటర్ల హద్దు గీశాను, లేబుల్స్ ఆన్ చేశాను. మధ్యలో పెద్దక్షరాలతో "అమరావతి" అని వచ్చింది. దాని కింద, పక్కన ఉండాల్సిన 29 ఊళ్లలో 11 పేర్లే కనిపించాయి. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు వెతికింది. "మా ఊరేదిరా?"

ఊరు ఉంది. చుక్క ఉంది. పేరే లేదు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. లేబుల్ అంటే దానికొక దీర్ఘచతురస్రం. ప్రతి పేరుకీ చుక్క చుట్టూ కొన్ని చోట్లు ప్రయత్నిస్తుంది, ఒకదాని మీద ఒకటి పడకుండా చూస్తుంది, ఎక్కడా ఇమడకపోతే ఆ పేరుని వదిలేస్తుంది. వినడానికి చిన్న పనే. చుక్కకి నాలుగే చోట్లున్నాయనుకున్నా, 29 ఊళ్లకి 4ని 29 సార్లు హెచ్చించాలి. దాదాపు 2,882 కోట్ల కోట్ల అమరికలు. పేర్లు పెరిగేకొద్దీ అన్నిటినీ చూసి మేలైనది ఏరడం కంప్యూటర్ వల్ల కూడా అయ్యే పని కాదని 1990ల మొదట్లోనే గణితపరంగా తేల్చారు. అందుకని సాఫ్ట్‌వేర్ ఒక మాదిరి మంచి అమరికతో సరిపెట్టుకుంటుంది. ఎవరిని వదిలెయ్యాలో తేల్చడానికి ప్రాధాన్యం అని ఒక అంకె అడుగుతుంది. నేను ఆ గడిలో జనాభా పెట్టాను. అందరూ అదే పెడతారు. మందడం, తుళ్లూరు నిలబడ్డాయి, శాఖమూరు రాలిపోయింది.

ఈ నియమాలు కంప్యూటర్ల కంటే పాతవి. స్విట్జర్లాండుకి చెందిన ఎడ్వర్డ్ ఇంహోఫ్ 1962లో పటం మీద పేర్లు ఎలా పెట్టాలో ఒక వ్యాసం రాశాడు. 1975లో అది ఇంగ్లీషులోకి వచ్చాక ఈ రంగంలో అందరికీ పాఠ్యపుస్తకమైంది. మధ్యలో 1972లో పిన్హస్ యోయెలి ఆ పనిని యంత్రానికి అప్పగించే తర్కం రాశాడు. ఇంహోఫ్ చెప్పినవాటిలో చాలావరకు తాతలు చెప్పే మాటల్లా ఉంటాయి. పేరు చూడగానే ఏ చుక్కదో తెలియాలి. సముద్రం ఒడ్డు ఊరి పేరు నీళ్ల మీద రాయి. ఏటికి ఏ ఒడ్డున ఊరుంటే పేరూ ఆ ఒడ్డునే ఉండాలి. అన్నిటికంటే మంచి చోటు, చుక్కకి కుడిపక్క కొంచెం పైన.

ఆ చివరిదాని దగ్గర ఆగాను. చుక్కకి కింద కంటే పైన రాయడం మేలనడానికి చెప్పే కారణాల్లో ఒకటి, రోమన్ లిపిలో కిందకి దిగే అక్షరాలు తక్కువ, పైకి లేచేవి ఎక్కువ. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి పేరు చుక్కకి దగ్గరగా కూర్చుంటుంది. మన సంగతేమిటి? బాపట్ల, మాచర్ల, అద్దంకి. పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు. పైన రాస్తే వత్తు వచ్చి చుక్క నెత్తిన కూర్చుంటుంది. ఉద్దండరాయునిపాలెం ఇంగ్లీషులో 18 అక్షరాల రైలుబండి, తెలుగులో ఎనిమిదే. వెడల్పు తగ్గింది గదా అని సంబరపడితే ఎత్తు పెరుగుతుంది. పైగా అది కృష్ణ ఒడ్డు ఊరు. కుడిపక్క పైన రాస్తే పేరు ఏట్లో పడి, చూసేవాళ్లకి అదేదో లంక పేరు అనిపిస్తుంది.

ఇంకోటి. రోమన్ లిపిలో రాష్ట్రానికి పెద్ద బడి అక్షరాలు, ఊరికి చిన్న బడి, నదికి వాలు అక్షరాలు అని ఒక మర్యాద ఉంది. తెలుగుకి పెద్ద బడీ లేదు, చిన్న బడీ లేదు. తెలుగుని వాలిస్తే పడిపోతున్నట్టుంటుంది. మనకి మిగిలినవి సైజు, లావు, రంగు. నది పేరుని వంపు వెంట రాయాలంటే పేరుని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ తిప్పాలి. "కృష్ణ"ని ఎక్కడ విరగ్గొట్టాలి? 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చేదాకా అక్షరాన్ని విడదీసే దాని సాధారణ నియమం ప్రకారం "ష్ణ" ఒక అక్షరం కాదు, రెండు ముక్కలు. ఆ నియమాన్నే నమ్ముకున్న ప్రోగ్రాము ఏదైనా వంపు దగ్గర వత్తుని దాని అక్షరం నుంచి విడదీయగలదు. మనం ఒకటో తరగతిలో పలక మీద నేర్చుకున్నది కంప్యూటర్‌కి నియమంగా చెప్పడానికి అన్నేళ్లు పట్టింది.

సరే, అసలు తెలుగు పేర్లు ఎక్కడివి? మొదట నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంగ్లీషు పేర్ల జాబితా తీసుకుని ఒక పనిముట్టుతో తెలుగులోకి మార్పించాను. మందడం కాస్తా మండదం అయింది. ఇంగ్లీషులో డీ రెండుసార్లుంది, ఒక్కోటీ ద కావచ్చు, డ కావచ్చు, మొత్తం నాలుగు ఊళ్లు తయారవుతాయి. తుళ్లూరులో ళ పోయి తుల్లూరు అయింది. హైకోర్టు ఉన్న నేలపాడులో నేల పోయి నెల వచ్చింది. శాఖమూరు సఖమూరు అయింది. అమ్మమ్మకి చూపిస్తే నవ్వి, "ఎవుర్రా రాసింది, దొరా?" అంది.

ఆవిడ ఎగతాళికే అన్నా చరిత్ర దృష్టితో చూస్తే అది సరైన ప్రశ్న. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ చేతికి వచ్చింది. తర్వాత ఈ ప్రాంతానికి వచ్చినవాళ్లలో కాలిన్ మెకంజీ ఒకడు. 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయన దగ్గర కావలి వెంకట బొర్రయ్య, 1803లో బొర్రయ్య పోయాక ఆయన తమ్ముడు లక్ష్మయ్య పనిచేశారు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఊరి వృత్తాంతాలు రాయించారు. ఊరు ఎవరు కట్టారు, ఆ పేరు ఎలా వచ్చింది, గుడికి మాన్యం ఎవరిచ్చారు. అవే కైఫీయత్తులు. ఒకే యంత్రాంగం కింద రెండు పనులు జరిగాయన్నమాట. పటం ఇంగ్లీషులో లండన్ దాకా వెళ్లింది. ఊరి పేరు, దాని కథ తెలుగులో కాగితాల కట్టల్లో ఉండిపోయాయి. తర్వాత 1870ల్లో హంటర్ పద్ధతి వచ్చి స్పెల్లింగుల్ని కుదురు చేసింది గాని, ట, త రెంటికీ ఒకటే టీ. ఇప్పటికీ టీ పక్కన హెచ్ పెట్టేవాళ్లు పెడతారు, పెట్టనివాళ్లు పెట్టరు. నేను చేసింది పటంలోని ఇంగ్లీషు పేరుని పట్టుకుని వెనక్కి నడవడం. ఆ దారిన వెనక్కి వస్తే ఊరు రాదు. మళ్లీ మొదలుపెట్టి పంచాయతీ ఆఫీసు బోర్డులు, ఆర్టీసీ బస్సు బోర్డులు చూసి, అమ్మమ్మని అడిగి ఒక్కో పేరూ సరిచేశాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి తెలుగు పేరు రాయడానికి వేరే గడి ఉంది, అక్కడా ఎక్కించాను. అది నాకు తెలిసి నేను రాసిన అన్ని కోడ్‌ల కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

మెకంజీ 1797లో మొదటిసారి చూసిన అమరావతి అప్పటికి కొత్త పేరే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి వచ్చి అమరేశ్వరుడి గుడి దగ్గర కట్టుకున్న పట్నం అది. పక్కనే పాత ధరణికోట ఉంది. స్తూపం ఉన్న దిబ్బని జనం దీపాలదిన్నె అనేవాళ్లు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి ఆ శిల్పాల బొమ్మలు గీయించాడు. ఆ శిల్పాలు ప్రపంచమంతా అమరావతి శిల్పాలయ్యాయి. దీపాలదిన్నె అన్నది ఇవాళ ఎంతమందికి తెలుసు? పక్కపక్కన మూడు పేర్లుంటే పటం మీద పెద్దది నిలబడుతుంది. దానికి క్యూజీఐఎస్ అక్కర్లేదు.

2015లో అదే పేరు మళ్లీ ప్రయాణం కట్టింది. కొత్త రాజధానికి అమరావతి అని పెట్టి, అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేశారు. గుడి ఉన్న అమరావతి కృష్ణ ఎగువకి, పడమరగా, రాజధాని హద్దుకి బయట ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక అది పల్నాడు జిల్లాలోకి, రాజధాని ఊళ్లు గుంటూరు జిల్లాలోకి వచ్చాయి. ఒకే పేరు, రెండు జిల్లాల్లో రెండు చోట్ల. అమ్మమ్మకి ఇప్పటికీ అమరావతి అంటే గుడే. "అదెక్కడ, మనదెక్కడ?" అంటుంది. దేశపటంలో అయితే రెంటికీ ఒకటే చుక్క సరిపోతుంది. నా పటంలో అలా కుదరదు.

దేశపటం అంటే గుర్తొచ్చింది. జమ్మూ కశ్మీర్, లదాఖ్ కేంద్రపాలిత ప్రాంతాలయ్యాక 2019 నవంబరు 2న కేంద్రం కొత్త రాజకీయ పటం విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో రాజధాని పేరు లేదు. ఇక్కడ చోటు చాలకపోవడం కాదు, పక్కనే బంగాళాఖాతమంత ఖాళీ ఉంది. నవంబరు 21న గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్ లోక్‌సభలో ఆ మాట ఎత్తారు. మర్నాడే హోంశాఖ సహాయమంత్రి కిషన్ రెడ్డి సవరించిన పటం బయటపెట్టారు. మావయ్య ఆ పటం ఉన్న పేపరు ముక్క కత్తిరించి దేవుడి పటాల పక్కన అంటించాడు. నాలుగు వారాలు తిరక్కుండా, డిసెంబరు 17న, అసెంబ్లీలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చింది. పేపరు ముక్క మాత్రం చాలాకాలం గోడ మీదే ఉంది. పటం మీద పేరు పడినంత మాత్రాన నేల మీద ఏదీ ఖాయం కాదని ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ తెలిసింది. అయినా పేరు లేని ఆ 20 రోజులు మావయ్య సరిగా అన్నం తినలేదు. ఈ రెండూ నిజమే. ఎలా పొసుగుతాయో నన్నడక్కండి.

నా పటానికి వస్తే, క్యూజీఐఎస్‌లో చోటు దక్కని లేబుళ్లని ఎర్రగా చూపించే మీట ఒకటి ఉంది. నొక్కాను. 18 ఊళ్లు ఎర్రగా పైకి తేలాయి. ప్రాధాన్యం గడిలోంచి జనాభా తీసేసి 29 ఊళ్లకీ ఒకే అంకె ఇచ్చాను. "అమరావతి"ని లేత బూడిద రంగులో అన్నిటి వెనక్కి పంపాను. అక్షరాల మధ్య ఖాళీ పెట్టి సాగదీద్దామని చూస్తే "అ మ రా వ తి" అని పిల్లాడు కూడబలుక్కుని చదివినట్టుంది, మానేశాను. గుడి అమరావతిని పటం ఎడమ అంచున నల్లగా, దక్షిణపు ఒడ్డున పెట్టాను. తర్వాత రెండు రాత్రులు ఒక్కో పేరునీ మౌసుతో పట్టుకుని జరిపాను. ఒడ్డు ఊళ్లని కిందకి దించాను. ఎంత జరిపినా ఇమడని నాలుగింటిని దూరంగా రాసి, సన్నగీతతో చుక్కకి కలిపాను.

బ్రాడీపేటలోనే ఫ్లెక్సీలు వేసే షాపుకి తీసుకెళ్తే, "యూనికోడ్ అయితే మా దగ్గర విరిగిపోద్దన్నా, కర్వ్‌లు చేసి తీసుకురండి" అన్నాడు కుర్రాడు. అక్కడంతా అను ఫాంట్లు. ఇంటికెళ్లి అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చి మళ్లీ తెచ్చాను. ఇక దాంట్లో ఏ పేరూ వెతికితే దొరకదు గాని, గోడ మీద వెతికేది వేలితోనే గదా.

అమ్మమ్మ నిలబడే చూసింది. ఐనవోలు, నేలపాడు, తుళ్లూరు పైకే చదివింది. శాఖమూరు దగ్గర వేలు ఆపింది. బాగుందని అనలేదు. వేలు కొంచెం పక్కకి జరిపి, "ఇక్కడ మా చేను. మర్రిమాను చేను అనేవోళ్లు. అది రాయలేదే?" అంది.

ఆ చేనుకి నా దగ్గర చుక్క కూడా లేదు. పెన్ను తెచ్చి ఇచ్చాను.