పేరు తర్వాతి గడి

మన దగ్గర చాలా దరఖాస్తుల్లో పేరు తర్వాత వచ్చే గడి 'తండ్రి/భర్త పేరు'. ఇల్లందు చుట్టుపక్కల కోయ గూడేల్లో, లంబాడీ తండాల్లో స్త్రీల పోడు జ్ఞాపకాలు రాసుకుందామని మేం కొందరం స్వచ్ఛందంగా కూడినప్పుడు మొదటి తగువు ఈ గడి దగ్గరే వచ్చింది. ఏ నమూనాలో రాసుకోవాలి? చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ కాగితం మీద ఏ గడి ముందుంటే మన ప్రశ్న అక్కణ్ణించే మొదలవుతుంది.

ఇల్లందు గురించి ఎవరు రాసినా బొగ్గుతోనే మొదలుపెడతారు. 1871లో జియొలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు కనిపెట్టడం, 1886లో తవ్వకం హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోవడం, 1920లో అది సింగరేణి కాలరీస్ కావడం. తవ్విన బొగ్గుకి రిజిస్టర్లున్నాయి. అడవి అంచున జొన్న చల్లిన ఆడవాళ్ళకి ఏ రిజిస్టరూ లేదు.

మా జట్టులోని కుర్రవాళ్ళు కంప్యూటర్లో చేసిన ప్రశ్నావళి తెచ్చారు. చూడముచ్చటగా ఉంది, ముప్ఫై గడులు! నాకు మాత్రం 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' గుర్తొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు. దళంలో ఉంటూ కన్నబిడ్డని ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మ మాటలు ఏ గడిలో పడతాయి? అలాగని గడులే వద్దనడం కూడా చదువుకున్నవాళ్ళ విలాసమే. ఇక్కడ కాగితానికి భూమి ముడిపడి ఉంది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబర్ 13కి ముందు నుంచీ ఆ భూమి మీద ఉన్నట్టు చూపించాలి. నియమాల్లోని పదమూడోది సాక్ష్యాల జాబితా. అందులో హక్కుదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెట్టినా సాక్ష్యమే. ముసలమ్మ మాట చట్టం ముందు పత్రమవుతుందన్నమాట! ఆ ఒక్కటే చాలదు, ఒకటికి మించి సాక్ష్యాలు కావాలి. అయితే ఫలానా పత్రమే తెమ్మని పైకమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెప్పింది.

కాని ముసలమ్మలు తేదీలు చెప్పరు. "నా మూడో కాన్పప్పుడు ఆ చెలక కొట్టినం" అంటారు. అందుకని రెండు కాగితాలు ఎంచుకున్నాం. ఒకటి వాంగ్మూలానికి. అందులో కాన్పు మాట అలాగే ఉంచి, పక్కన ఆ బిడ్డ బడి రికార్డులోని పుట్టిన సంవత్సరం వేస్తాం. రెండోది ఖాళీ కాగితం. ఎవరు అడిగారు, ఎవరు రాశారు, ఏ భాషలో చెప్పింది, తెలుగులోకి ఎవరు తెచ్చారు అన్నవి మాత్రం పైన ఉంటాయి. కోయలో చెప్పింది తెలుగులోకి వచ్చేసరికి మధ్యనున్న మనిషి మాయం కాకూడదని నా పట్టుదల.

ఇక ఆ గడి. చట్టంతో వచ్చిన 'ఎ' ఫారంలో జీవిత భాగస్వామి పేరుకి వేరే గడి ఉంది, తండ్రి పక్కన తల్లికీ చోటుంది. పెళ్ళయినవాళ్ళకి పట్టా ఇద్దరి పేరునా, ఒంటరి కుటుంబ పెద్ద అయితే ఆ ఒక్కరి పేరునా ఇవ్వాలని 4(4) సెక్షన్ చెబుతుంది. మరి భర్త వదిలేసిపోయిన ఆమె సంగతి? అలవాటు కొద్దీ అతని పేరు రాస్తే, ఆమె ఒంటిచేత్తో సాగు చేసిన చేనులో అతనికీ వాటా రావచ్చు. మా కాగితంలో ఆ గడిని తీసేసి ఒక వాక్యం పెట్టాం: 'ఈ భూమిని ఎవరెవరు సాగు చేశారు, ఎప్పటి నుంచి?'