రెట్రోట్రాన్స్‌పోజాన్లు: జంతు జీనోముల్లో వాటి చరిత్ర

రెట్రోట్రాన్స్‌పోజాన్లు జీనోములో తమ నకళ్లను పెంచుకుంటూ పోయే డీఎన్ఏ ముక్కలు. ఒక ముక్క నుంచి ఆర్ఎన్ఏ తయారై, అది మళ్లీ డీఎన్ఏగా మారి కొత్త చోట చేరుతుంది. పాతది ఉన్నచోటే ఉంటుంది కాబట్టి తరతరానికీ సంఖ్య పెరిగే వీలుంది.

జన్యు పదార్థంలో కొన్ని భాగాలు చోటు మారతాయని 1940లలో మొక్కజొన్న మీద పనిచేసిన బార్బరా మెక్లింటాక్ గుర్తించారు. ఆమె చూసినవి ఉన్నచోటు నుంచి ఊడి మరోచోట అతుక్కునే వేరే తరగతివి. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనుగొన్నారు. 1985లో గెరాల్డ్ ఫింక్ బృందం ఈస్ట్‌లోని టీవై1 అనే రెట్రోట్రాన్స్‌పోజాన్‌లో ఒక ఇంట్రాన్‌ను, అంటే ఆర్ఎన్ఏ నుంచి కోసివేయబడే భాగాన్ని, చేర్చి చూసింది. కొత్త చోట చేరిన నకలులో ఇంట్రాన్ లేదు. అది ఆర్ఎన్ఏ దశలోనే తెగిపోయింది, అంటే ముక్క ఆర్ఎన్ఏ ద్వారానే కదిలింది. ఇంత సరళంగా, ఇంత గట్టిగా విషయం తేల్చిన ప్రయోగాలు అరుదు.

జంతువుల్లో వీటి రకాలు అనేకం. ఎల్‌టీఆర్ రకం రెట్రోవైరస్‌లకు దగ్గరి బంధువు. లైన్‌లు సొంత ఎంజైముతో నకళ్లు చేసుకుంటాయి. సైన్‌లకు ఆ ఎంజైము లేదు, లైన్‌లదే వాడుకుంటాయి. లైన్‌లు డీఎన్ఏను ఒకచోట కోసి, ఆ తెగిన అంచు నుంచే నకలు మొదలుపెడతాయని 1993లో పట్టుపురుగులోని ఆర్2 మీద థామస్ ఐక్‌బుష్ బృందం చూపింది.

మనిషి జీనోములో సుమారు 17 శాతం లైన్-1దే. ప్రైమేట్లలో మాత్రమే కనిపించే ఆలూ అనే సైన్ నకళ్లు పది లక్షలకు పైనే. ఒకప్పుడు వీటన్నిటినీ ‘చెత్త డీఎన్ఏ’ అన్నారు. అది తొందరపాటు తీర్పు. జీవుల చుట్టరికాలు తేల్చడానికి ఇవి పనికొస్తాయి. ఒకే చోట ఒకే సైన్ రెండు జంతువుల్లో ఉంటే, అది ఉమ్మడి పూర్వజీవి నుంచి వచ్చిందనడానికి బలమైన ఆధారం. తిమింగలాలకు దగ్గరి చుట్టం నీటిగుర్రమని 1990లలో నొరిహిరో ఒకాడా బృందం చూపింది ఈ ఆధారంతోనే. వారసత్వం దాటి వచ్చినవీ ఉన్నాయి: ఆవుల్లోని బోవ్-బి లైన్‌కు దగ్గరి రూపాలు పాముల్లో, బల్లుల్లో దొరికాయి. సరీసృపాల రక్తం తాగే పిడుదులు దాన్ని మోసి ఉండవచ్చని అనుమానం.

కొన్ని జీవికి పనికొచ్చాయి. మానవ మావి ఏర్పడటంలో పాల్గొనే సిన్సిటిన్ ప్రోటీను ఒక పాత రెట్రోవైరస్ జన్యువు నుంచే వచ్చింది. డ్రోసోఫిలా ఈగలో క్రోమోజోముల కొసలను కాపాడేవి కూడా రెట్రోట్రాన్స్‌పోజాన్లే.

హాని లేకపోలేదు. 1988లో హేగ్ కజాజియన్ బృందం ఇద్దరు హిమోఫీలియా రోగుల్లో రక్తం గడ్డకట్టించే ఎనిమిదో కారకం జన్యువులో కొత్తగా చేరిన లైన్-1 ముక్కలను కనుగొంది. మనిషిలోని దాదాపు 5 లక్షల లైన్-1 నకళ్లలో ఇప్పటికీ కదలగలిగినవి సుమారు 80 నుంచి 100 వరకు ఉంటాయి.