టెలికాం ఒడిదుడుకుల వేళ సర్వర్ ఎంపిక: ఖరగ్‌పూర్ వినియోగదారులు చూడవలసినవి

వెబ్‌సైటు, ఈ-మెయిలు, సభ్యుల జాబితా, ఖాతాల వివరాలు అద్దె సర్వర్‌లో ఉన్నప్పుడు ఆ సర్వర్ సంస్థ అప్పులు కూడా వినియోగదారునికి సంబంధించిన విషయమే అవుతాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఆమోదించిన తరువాత గుర్తింపు పెరిగిన ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలకు, చిన్న వ్యాపారాలకు కూడా ఇది వర్తిస్తుంది.

గత అనుభవాలు

టెలికాం సంస్థ దివాలా తీసిన ప్రతిసారీ సేవలు ఆగిపోవు. 2002 జులైలో అమెరికా సంస్థ వరల్డ్‌కామ్ దివాలా రక్షణ కోరినా దాని నెట్‌వర్కు పనిచేస్తూనే ఉంది. అదే ఏడాది మే నెలలో నెదర్లాండ్స్‌కు చెందిన కేపీఎన్‌క్వెస్ట్ దివాలా తీయగా, దాని అధీనంలోని ఈబోన్ నెట్‌వర్కు జులైలోనే మూతపడింది. నిర్వహణకు నిధులు సమకూర్చేవారు ఉన్నారా లేదా అన్నదే ఇటువంటి సందర్భాల్లో కీలకం.

మన దేశంలో 2018లో ఎయిర్‌సెల్, 2019లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. స్థూల ఆదాయ బకాయిలపై 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మిగిలిన సంస్థలపైనా భారం పెరిగింది. బకాయిలను వాటాలుగా మార్చుకోవడంతో 2025 నాటికి వొడాఫోన్ ఐడియాలో కేంద్ర ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. ప్రభుత్వ రంగ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్‌కు సైతం 2022లో రూ. 1.64 లక్షల కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ అవసరమైంది.

ముందస్తు చెల్లింపుతో చిక్కు

2016 నాటి దివాలా స్మృతి ప్రకారం ప్రక్రియ మొదలైన వెంటనే ఆ సంస్థపై వసూలు దావాలకు విరామం వర్తిస్తుంది. మూడేళ్ల అద్దె ఒకేసారి చెల్లించిన వినియోగదారు తన సొమ్ము కోసం క్లెయిము దాఖలు చేసి వేచి ఉండవలసిందే. తాకట్టు ఉన్న బ్యాంకులదే పైచేయి. అందువల్ల రాయితీ కొంత తగ్గినా నెలవారీ లేదా మూడు నెలల చెల్లింపు క్షేమకరం.

పరిశీలించవలసినవి

షేర్ మార్కెట్‌లో నమోదైన సంస్థల త్రైమాసిక ఫలితాలు, క్రిసిల్, ఇక్రా వంటి సంస్థల రేటింగులు బహిరంగంగా లభిస్తాయి. నమోదు కాని కంపెనీల వార్షిక పత్రాలను, ఆస్తులపై తాకట్టుల వివరాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడవచ్చు. డేటా సెంటర్ సంస్థ సొంతమా, అద్దెదా అన్నదీ అడిగి తెలుసుకోవాలి. అద్దెదైతే అసలు యజమాని పరిస్థితిని కూడా పరిశీలించాలి.

99.9 శాతం లభ్యత హామీ అంటే ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషాల అంతరాయానికి అనుమతి ఉన్నట్లే. హామీ తప్పితే సాధారణంగా దక్కేది తదుపరి బిల్లులో తగ్గింపు మాత్రమే. సంస్థే మూతపడితే ఆ తగ్గింపునకు విలువ ఉండదు.

డొమైన్ పేరును వినియోగదారు తన పేరిటే, వీలైతే సర్వర్ సంస్థతో సంబంధం లేని రిజిస్ట్రార్ వద్ద నమోదు చేసుకోవాలి. డేటా ప్రతిని మరో సంస్థ వద్ద లేదా సొంత డిస్కులో ఉంచుకోవాలి. ఆ ప్రతి నుంచి వెబ్‌సైటును తిరిగి నిలబెట్టగలమా అన్నది అప్పుడప్పుడు పరీక్షించాలి.

రైలు మార్గం వెంట ఫైబర్

హావ్‌డా నుంచి చెన్నై, ముంబయి వైపు సాగే ప్రధాన మార్గాలు ఖరగ్‌పూర్ వద్ద విడిపోతాయి. 2000 సెప్టెంబరులో ఏర్పాటైన రైల్వే సంస్థ రైల్‌టెల్ పట్టాల వెంట ఆప్టికల్ ఫైబర్ వేసింది. దానికి గురుగ్రామ్‌లోనూ సికిందరాబాద్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. అయినప్పటికీ కనెక్షను, సర్వరు, డేటా ప్రతి మూడూ ఒకే సంస్థ చేతిలో ఉంచడం తగదు. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నా, వాటి తీగలు ఒకే కందకంలో వెళితే ఒక్క తవ్వకంతో రెండూ తెగవచ్చు. కాబట్టి రెండో కనెక్షను తీసుకునే ముందే దాని మార్గాన్ని లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.